హాజరు కాగితంలో ఒక టిక్కు

సేఫ్టీ ఆఫీసరు గారికి, మూడో అంతస్తు హాస్టల్ ఆయా నమస్కరించి రాయునది.

మంగళవారం మంటల గురించి మీ రిపోర్టు చదివానండి. చనిపోయిన అమ్మాయి కిందికి వచ్చి, ఏదో వస్తువు కోసం మళ్ళీ పైకి వెళ్ళి పొగలో చిక్కుకుందని రాశారు. ఆమె అసలు కిందికి రాలేదండి.

నెలనెలా ఫైర్ డ్రిల్లులో, అందరూ కిందికి దిగాక పిల్లల హాజరు నేనే వేస్తాను. ఆ అమ్మాయి రాత్రంతా చదివి పగలు పడుకునేది. "పిన్నీ, నాకూ ఒక టిక్కు పెట్టెయ్యవా! నిజంగా మంటలొస్తే నీకంటే ముందు నేనే మెట్లు దిగుతా" అని నవ్వేది. పెట్టేదాన్ని. మంగళవారం నిజం మంటలప్పుడు కూడా, కింద హాజరు వేస్తూ అలవాటుగా పెట్టేశాను. ఫైరింజను వాళ్ళు, పిల్లలందరూ కిందికి వచ్చారా అని అడిగితే కాగితం చూసి వచ్చారన్నాను.

ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే పెదవులు కదులుతున్నాయి, అంతే.

ఇవాళ వాళ్ళమ్మ ఆ అమ్మాయి గదికి వచ్చింది. సొరుగులోంచి ఒక్కొక్కటే తీసి, "దీని కోసం వెళ్ళిందా? ఇందుకేనా?" అని నన్ను అడిగింది. నేను దుప్పటి మడతపెడుతూ ఉండిపోయాను. రేపు బీరువా వెతకడానికి మళ్ళీ వస్తానంది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, ఆ వాక్యం మార్చండి. మీరు మార్చినా మార్చకపోయినా, రేపు ఆమె బీరువా తెరవకముందే నేను చెప్పేస్తాను.