గుమాస్తాకు ఒక్క గిన్నె

పరుపులు కుట్టి బతికిన నేను, డెబ్బై రెండేళ్ళ వయసులో, మనసు కుదురుగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా కొట్టు బల్ల దగ్గర కూర్చుని నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. కళ్ళు మసకబారాయి గాని మతి పోలేదు. పోయిందని మా బావమరిది అంటాడు. ఆయన సంగతి మూడో అంశంలో వస్తుంది. ఇంతకుముందు నేను వేరే వీలునామా రాయలేదు. దీన్ని అమలు జరిపించే బాధ్యత ఎదురింటి మేష్టారికి అప్పగిస్తున్నాను.

1. ఇంట్లో ముందు వాటా నా కొడుక్కి, వెనక వాటా నా కూతురికి, ఇప్పుడు ఉంటున్నట్టే. నడవా, గేటు ఇద్దరివీ. మధ్యలో గోడ లేపకూడదు. కొట్టు, సూదులు, దూది ఏకే మిషను కూతురికి. కొడుక్కి కరెంటు పని ఉంది. వాడు ఆవేశపడి కుట్టిన ఒకే ఒక్క పరుపు అటక మీద ఉంది. దాని మీద కుక్క కూడా పడుకోలేదు గనక దాన్ని వాడికే ఇస్తున్నాను.

2. బీరువా మీద కూర్చుని ఇంట్లో జరిగే ప్రతి పనికీ వంక పెట్టినట్టు చూస్తుందని మా పిల్లికి అత్తగారు అని పేరు. అత్తగారిని నా కోడలికి రాసిస్తున్నాను. పిల్లులంటే పడదని కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ చెబుతోంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని ఒళ్ళో వేసుకుని దువ్వుతూ, మా అందరి మీదా చాడీలు చెప్పడం కిటికీలోంచి చూశాను. చూడనట్టే ఉన్నాను. మా ఆవిడ ఉన్ని శాలువా కూడా కోడలికే. పిల్లి పడుకునేది దాని మీదే. పదే పదే ఉతక్కమ్మా, తన వాసన పోతే అలుగుతుంది.

దానికి పాలు పోయకు, కడుపు చెడుతుంది. ఇసుక పెట్టె తిండి పళ్ళెం పక్కన పెట్టకు, అలాంటి చోట మనమైనా తినం. కుర్చీ గీరితే కొట్టకు, పక్కనే గోనెపట్టా బిగించి కట్టు, అదే అటు మళ్ళుతుంది. మన ఇల్లు దారాల ఇల్లు. దాని నోట్లోంచి దారం వేలాడితే పట్టుకుని లాగవద్దు, లోపల పేగు తెగుతుంది. తిన్నగా పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపో. తిండి మాని మంచం కింద దూరిందంటే అది అలక కాదు, జబ్బు.

3. మా బావమరిది ఏనాడూ కుక్కను పెంచలేదు. కుక్కల గురించి ఆయనకు తెలియనిది లేదు. మా కుక్క చిన్నప్పుడు గది తడిపితే, దాని ముక్కు అందులో రాసి, పేపరు చుట్టి కొట్టమన్నాడు. కొట్టాం. అది తడపడం మానలేదు, మాకు కనబడకుండా మంచం కిందికి మార్చింది. తిన్న వెంటనే బయటికి తిప్పి, పని కానిచ్చాక మెచ్చుకుంటూ వస్తే తానే నేర్చుకుంది. ఆ పేపరు చుట్ట దాచి ఉంచాను. అది ఆయనకు. ఎవరి మీద వాడుకుంటాడో ఆయన ఇష్టం.

4. ఇక ఆ కుక్క. గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళందరినీ ఆరా తీస్తుంది గనక గుమాస్తా అంటాం. మూడేళ్ళ కిందట గేటు తెరిచి ఉంటే రోడ్డెక్కి స్కూటరు కింద పడింది. వెనక కాలు కుంటిదైంది. గేటు వేయనిది నువ్వేనని అన్న చెల్లెల్నీ, చెల్లెలు అన్ననీ అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవు గనక పొద్దున్నే ముందు వాటాలో ఒక గిన్నె, వెనక వాటాలో ఒక గిన్నె. గుమాస్తా రెండు చోట్లా నిన్నటి నుంచి పస్తున్నట్టు మొహం పెడుతుంది. ఇప్పుడు పీపాలా ఉంది. కొడుకుని మానమంటే ముందు చెల్లెల్ని మానమను అంటాడు, కూతుర్ని మానమంటే ముందు అన్నయ్యని మానమను అంటుంది. పోయిన నెల డాక్టరమ్మ కాలు పట్టి చూసి, "ఇలాగే మేపితే ఏడాది తిరిగేసరికి ఇది లేవలేదు" అంది.

కాబట్టి గుమాస్తా ఇద్దరికీ ఉమ్మడి. తిండి డబ్బా కొడుకు దగ్గర, కొలత గ్లాసూ గిన్నే కూతురి దగ్గర ఉండాలి. కావలసింది ఒకరినొకరే అడగాలి, మూడోవారి చేత అడిగించకూడదు.

5. గేటు తీసింది ఎవరో నాకు తెలిసింది. ఈ వానాకాలంలో నా కళ్ళతో చూశాను. గుమాస్తాయే మూతితో గడియ ఎత్తి తీస్తుంది. కొడుక్కి చెబితే చెల్లెల్ని వెనకేసుకొస్తున్నానన్నాడు. కూతురికి చెబితే అన్నయ్య తప్పు కప్పుతున్నానంది. వీలునామాలోనైనా నా మాట నమ్ముతారని ఇక్కడ రాస్తున్నాను. నేను పోయాక మేష్టారు వాళ్ళిద్దరినీ గేటు దగ్గర నిలబెట్టి, గడియ వేసి, వీధిలోంచి తిండి డబ్బా ఆడించాలి.

సంతకాలకు ముందు చేర్చినది: డాక్టరమ్మ ఐదో అంశం చదివి, చూడనిదానికి సాక్షి సంతకం పెట్టనంది. పైగా మీరు పోయేదాకా మీ కుక్క ఆగకపోవచ్చు అంది. పిల్లలిద్దరినీ పిలిపించాం. వచ్చి చెరో స్తంభం దగ్గర నిలబడ్డారు. మేష్టారు వీధిలోకి వెళ్ళి డబ్బా ఆడించారు. గుమాస్తా కుంటుకుంటూ వెళ్ళి, మూతితో గడియ ఎత్తి, పొట్టతో గేటు తోసుకుని బయటికి పోయింది.

అందరికన్నా ముందు కోడలు నవ్వింది. ఆమె చంకలో అత్తగారు ఉన్న సంగతి అందరూ చూశారు.

నా కూతురు వచ్చి ఆ గడియను తనూ ఓసారి ఎత్తి చూసింది. తర్వాత, "అన్నయ్యా, పొద్దున దీనికి పెట్టావా?" అని అడిగింది.

వాడు పెట్టానన్నాడు.

"అయితే నేను పెట్టను."

ఐదో అంశం జరిగిపోయింది గనక కొట్టివేయడమైనది. నాలుగో అంశం నా చావు కోసం ఆగకుండా నేటి నుంచే అమలు.

తేదీ: 2025 నవంబరు 21, శుక్రవారం.

సంతకం: పరుపుల కొట్టు యజమాని

సాక్షులు:
పశువుల డాక్టరమ్మ (కళ్ళారా చూసి)
ఎదురింటి మేష్టారు (డబ్బా ఆడించి)