పాప నుదుటి మీద నీళ్లు

నాన్నగారికి,

పాప ఇప్పుడు బాగా పాలు తాగుతోంది. ఆదివారం ఇంటికి పంపిస్తామన్నారు. మీ మనసు కుదుటపడ్డాకే మిగతాది చదవాలని ఈ మాట ముందే రాస్తున్నాను.

"పాపకి బాప్తిస్మం గానీ ఇచ్చారా?" అని మీరు ఫోన్లో అడిగితే లేదన్నాను. అది అబద్ధం.

నెలలు నిండని పిల్ల కదా, మూడో రోజు డాక్టరమ్మ ఇక చెప్పలేమంది. పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చే సంఘం కదా అత్తయ్యది, గాజుపెట్టె పక్కన నిలబడి, "చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అన్నాడు కదమ్మా ప్రభువు. రెండు చుక్కల నీళ్లు పొయ్యనా? నువ్వు వద్దంటే మానేస్తా" అని అడిగారు.

"మా నాన్నగారూ ఆ మాటే చూపిస్తారు అత్తయ్యా. పిల్లలు ఎలాగూ ఆయనవాళ్లే, నీళ్లు మాత్రం పెద్దయ్యాక నమ్మి అడిగితేనే అంటారు."

"ఆయన చెప్పిందే నిజమేమో. నా చేతులే ఊరుకోవట్లేదు."

అప్పటికే ఆవిడ చేతిలో దూది ఉంది నాన్నా. పాస్టరు కూతుర్ని అయ్యుండీ సరేనన్నాను. ఆవిడ దూది తడిపి పాప నుదుటి మీద పిండారు. పేరేమిటని అడిగితే, పోయిన అమ్మ పేరే నా నోట వచ్చింది.

పెద్దయ్యాక అదే వచ్చి అడిగితే మీరు ఏట్లో ముంచి బాప్తిస్మం ఇద్దురుగాని. ఈ మాటంటే అత్తయ్య ముఖం చిన్నబోయింది. "ఒకసారి ఇచ్చింది చాలదా?" అన్నారు. మళ్లీ ఆవిడే, "సర్లే, పిల్లకి జలుబు చేస్తుంది. నేను తువ్వాలు పట్టుకుని ఒడ్డున ఉంటా" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక రండి. నన్ను తిట్టేముందు దాన్ని ఒక్కసారి ఎత్తుకోండి.

మీ చిన్నమ్మాయి