పేట ఆఫీసులో పడ్డ ప్రింటు

నకరికల్లు,
10 ఫిబ్రవరి 2025, సోమవారం.

విజయ్ కుమార్ గారికి,

ప్రిస్కిల్లా వందనాలు. మాచర్లలో మీరూ అమ్మగారూ కుశలమనుకుంటాను. ఇక్కడ మా అమ్మకు తుంటి నొప్పి కాస్త తగ్గింది, కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తోంది. నా సంగతి మాత్రం అడక్కండి. నిన్నటి నుంచి నాకేమీ పాలుపోవడం లేదు. పొద్దున పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక మళ్ళీ వేశాను. ఇద్దరం మజ్జిగతో సరిపెట్టుకున్నాం.

నిన్న మీరు చేసిన ఫోన్లు చూశాను, ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను? ఉత్తరమైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు.

అమ్మ జారిపడ్డప్పటి నుంచి నేను నరసరావుపేట చర్చి ఆఫీసుకు రోజూ పోవడం లేదు కదా. ఇంట్లోనే కూర్చుని, ఆఫీసు కంప్యూటర్‌ను నా లాప్‌టాప్ తెరమీద తెరిచి పని చేస్తున్నాను. పని బాగానే సాగుతుంది. ప్రింటు దగ్గరే తిప్పలు. నేనిక్కడ నొక్కితే నా పక్కనున్న ప్రింటర్ ఉలకదు పలకదు, కాగితం పోయి పేట ఆఫీసులో పడుతుంది. ఏందే ఈ విడ్డూరం, ఇక్కడ నొక్కితే అక్కడ రావటమేంది అని అమ్మ అడిగింది. అదేంటో నాకు తెలిస్తే కదా ఆమెకు చెప్పడానికి!

కంప్యూటర్లు బాగుచేసే ఉస్మాన్‌కు ఫోన్ చేశాను. అక్కా, కనెక్టయ్యే ముందు ప్రింటర్ల దగ్గర టిక్కు పెట్టావా అన్నాడు. పెట్టానన్నాను. టిక్కు పెడితే చాలదక్కా, బయటికొచ్చి మళ్ళీ కనెక్టవ్వాల అన్నాడు. అయ్యాను. అయితే ఆఫీసు కంప్యూటర్లో నీ ప్రింటర్ డ్రైవర్ లేకపోయి ఉంటదిలే అన్నాడు. ఏ డ్రైవరో ఏమో, నాకు తెలిసినవాళ్ళంతా బస్సులు నడిపేవాళ్ళే.

ఇక శనివారం సంగతి. పరీక్ష కోసం ఏదో ఒకటి ప్రింటు కొట్టాలి కదా. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదువుతారే, ఆ పెండ్లి ప్రకటన పాతదొకటి తెరిచి, అందులో పేర్లు తీసేసి మన పేర్లు పెట్టాను. ఎందుకు పెట్టానని అడగకండి. పరీక్ష కాగితం మీద ఎవరివో పేర్లుండాలి, చేతికి అవే వచ్చాయి. నొక్కాను. ఇక్కడ ఏమీ రాలేదు.

మా చర్చి సెక్రటరీ జోసెఫ్ గారి పద్ధతి మీకు తెలియదు. ఆదివారం పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, ప్రింటర్ ట్రేలో ఏముంటే అది తీసుకుని నేరుగా ప్రసంగం చేసే పుల్పిట్ ఎక్కుతారు. అక్షరం వదలరు. ఒకసారి కుర్చీల అద్దె చీటీ కూడా భక్తిగా చదివారు. ముందుగా చూసి సంతకం పెట్టే పాస్టరు అయ్యగారేమో నిన్న ఎడ్లపాడు ప్రార్థన కూటాలకు వెళ్ళారు.

నేను ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. జోసెఫ్ గారు మన పేర్లు చదివి, ఇది మొదటి ప్రకటన, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను అన్నారు. లేచి, అయ్యా అది పరీక్ష కాగితం అనాలనుకున్నాను. పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నాను. ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. బయటికొచ్చాక రాఘవమ్మ పిన్ని నా చేతులు పట్టుకుని, చానా మంచి పని చేశావు తల్లీ అని ఏడ్చేసింది. ఇంటికొస్తే అమ్మకు అప్పటికే తెలిసిపోయింది. ఏమే, కన్నతల్లికి చెప్పకుండా చర్చిలో చదివించుకుంటావా అని తిట్టి, కాసేపటికి చీర ఏ రంగుదని అడిగింది.

మన పెళ్ళి మాటకు నిన్నటి ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు మీరు, లేకపోతే అమ్మగారు చూసిన చిలకలూరిపేట సంబంధానికి సరేనంటానన్నారు. నేను ఎన్నిసార్లు ఫోన్ తీసినా మా అమ్మనెవరు చూస్తారన్న దగ్గరే ఆగిపోయాను. ఆమెనూ మనతోనే ఉంచుకుందామని మీరన్నారు, నిజమే. ఎవరైనా మంచిమాట చెబితే వెంటనే నమ్మలేని రోగం నాది. భయం వేసింది. ఇప్పుడూ వేస్తోంది.

అయ్యగారు ఫోన్ చేసి కోప్పడ్డారు. వచ్చే ఆదివారం రెండో ప్రకటన చదవాలో, జరిగింది పొరపాటని చెప్పాలో శనివారంలోగా ఇద్దరూ తేల్చుకోండన్నారు. ఈస్టరు ముందు శ్రమదినాలు మొదలైతే పెళ్ళిళ్ళుండవు కదా. మీరెలా అంటే అలా. పొరపాటని చెప్పమన్నా చెబుతాను. అంతకు మించి ఏం రాయాలో తోచడం లేదు.

అమ్మగారికి నా వందనాలు చెప్పండి.

ఇట్లు,
ప్రిస్కిల్లా

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. ఉస్మాన్ శుక్రవారమే పేటకు పోయి ఆ డ్రైవరేదో ఎక్కించి వచ్చాడు. శనివారం నేను ప్రింటు నొక్కినప్పుడు తెరమీద రెండు ప్రింటర్ల పేర్లూ కనిపించాయి, నాదీ, ఆఫీసుదీ. చాలాసేపు చూసి, ఆఫీసుదే ఎంచుకున్నాను. ఆదివారం అయ్యగారు ఊళ్ళో ఉండరనీ తెలుసు. నోటితో చెప్పడం నా వల్ల కాలేదండీ. మీకిష్టమైతే వచ్చే ఆదివారం రండి, మగవాళ్ళ వైపు కూర్చుని రెండో ప్రకటన వినండి.