మంచం కింది రైలు

2003 జూన్, ఆదివారం

పాత టేప్‌రికార్డర్ నుంచి తీసిన మోటారు ఇవాళ దారికొచ్చింది. నిన్నటిదాకా బొమ్మ రైలింజన్ మలుపులో ఎగిరిపడి, దాన్ని కట్టిన ప్లాస్టిక్ ఇటుకలన్నీ ఊడిపోయేవి. మధ్యలో పెద్ద పుల్లీ పెట్టి రబ్బరు బెల్టు వేసేసరికి వేగం తగ్గింది. చక్రాలు జారకుండా నా భార్య సుజాత పాత సైకిల్ ట్యూబును సన్నగా కత్తిరించి తొడిగింది.

మధ్యాహ్నం గుమ్మఘట్ట నుంచి వదిన వచ్చింది. మంచం మీద కూర్చుని నేల మీది పట్టాలు చూసింది.

“ఎవురికప్పా ఈ రైలు? ఈ ఇంట్లో పిల్లోళ్లు యాడుండారు?”

“ఎవరో రిపేరుకిచ్చినారు వదినా,” అనేశాను.

సుజాత వంటింట్లోంచి కాఫీతో వచ్చింది. “రిపేరు కాదక్కా, మాదే. మేమిద్దరమే కట్టినాం. ఆడుకునేదీ మేమే,” అంటూ గ్లాసు చేతికిచ్చి స్విచ్ వేసింది. రైలు మంచం కిందికి దూరుతుంటే వదిన గబుక్కున కాళ్లు పైకి తీసుకుంది. అటువైపు బయటికొచ్చేదాకా వంగి చూసింది.

బళ్లారిలో డాక్టరు దగ్గరికి చివరిసారి పోయిన రోజు, బస్టాండు పక్క అంగట్లో ఈ ఇటుకల డబ్బా కొన్నది సుజాతే. ఎందుకని నేను అడగలేదు. పిల్లల మాటెత్తితే ఆమెకే ఎక్కువ గుచ్చుకుంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. మరి ఇవాళ నేనెందుకు దాచాను?

వదిన వెళ్లాక రైలు విప్పి డబ్బాలో సర్దబోయాను. రేపు ఇంకెవరో వస్తారు కదా.

సుజాత డబ్బా లాక్కుంది.

“ఈడనే ఉండనీ. వచ్చేటోళ్లు కాళ్లెత్తుకుంటారులే.”