నాలుగు కత్తుల కార్డు

జూన్ 3, మంగళవారం

ఇవాళ కొత్తగా ఒకావిడ వచ్చింది. రోజలిన్. సబ్బవరంలో స్కూల్ టీచర్. వన్ టౌన్‌లో చింతపండు హోల్‌సేల్ షాపు పైనున్న నా గది వెతుక్కుంటూ, చెమటలు కక్కుతూ వచ్చింది. టారో కార్డులతో జోస్యం చెప్పించుకుందని చర్చిలో తెలిస్తే తలెత్తుకోలేదట. ఎవరికీ చెప్పనని ముందే నాతో ఒట్టు వేయించుకుంది.

రొమ్ములో గడ్డ. డాక్టర్ బయాప్సీ రాశారు. భర్త యోహాన్‌కి కూడా చెప్పలేదు. చేయించుకోవాలా, ఆగాలా? అదే ప్రశ్న.

మూడు కార్డులు వేశాను. ఆఖరిది నాలుగు కత్తులు. చేతులు జోడించి పడుకున్న మనిషి, పైన కత్తులు. విశ్రాంతి అని అర్థం. బయట ఇంకో క్లయింట్ వెయిటింగ్. "ఇప్పుడు కత్తి జోలికి వెళ్లొద్దంటోందమ్మా, కొన్నాళ్లు ఆగండి" అనేశాను.

ఆవిడ ఏడ్చేసింది. సంతోషంతో.

జూన్ 4

ఆగమని ఎందుకన్నాను?

జూన్ 7, ఉదయం 5:00

నిద్ర లేదు. టారో నేర్చుకున్నప్పటి కోర్సు నోట్స్ తీశాను. నాలుగు కత్తులు: విశ్రాంతి. దాని కింద నా చేతిరాతతోనే ఉంది: ఆసుపత్రి, చికిత్స, కోలుకోవడం. ఆ రోజు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

వెంటనే టెస్ట్ చేయించుకోమని వాట్సాప్ పెట్టాను. బ్లూ టిక్స్. గంట తర్వాత జవాబు. కార్డు చెప్పాకే మనసు కుదుటపడిందట. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేసిందట. మళ్లీ భయపెట్టొద్దట.

జూన్ 8

నా కోసం నేనే కార్డులు వేసుకున్నాను. ఆవిడకేమీ కాదని వచ్చేదాకా వేశాను. ఆరుసార్లు.

జూన్ 12

నన్ను బ్లాక్ చేసింది. జ్వరమని చెప్పి క్లయింట్లందరినీ రావద్దన్నాను. అన్నం సహించడం లేదు.

జూన్ 15, ఆదివారం

సబ్బవరం బస్సెక్కాను. స్కూల్ పక్క కిరాణా షాపులో అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో యోహాన్ బండి తుడుస్తున్నాడు. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ వెల్డరట. నన్ను స్కూల్ మనిషి అనుకుని లోపలికి రమ్మన్నాడు.

రోజలిన్ నన్ను చూసి తెల్లబోయింది. "ఎందుకొచ్చారు మేడమ్, ఎల్లిపోండి" అంది గుసగుసగా.

"నాకేటీ తెలీదమ్మా. తప్పు చెప్పాను. టెస్ట్ చేయించుకో" అన్నాను.

"మరా రోజు అన్నీ తెలిసినట్టే సెప్పారు కదా?"

ఇంతలో యోహాన్ లోపలికి వచ్చాడు. ఆవిడ చెప్పొద్దని కళ్లతోనే బతిమాలింది. చెప్పేశాను. గడ్డ, కార్డు, నా మాట, అన్నీ.

అతని చేతిలో తడి గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ల నుంచని అడిగాడు. ఈస్టర్ ముందు నుంచని రోజలిన్ చెప్పింది.

"పేకముక్కలకి సెప్పావు, నాకు సెప్పలేదేటే?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

రోజలిన్ నా మొహం మీదే తలుపు వేసింది.

జూన్ 27

యోహాన్ ఫోన్ చేశాడు. దగ్గరుండి బయాప్సీ చేయించాడట, రిపోర్ట్ వచ్చింది. క్యాన్సరే. చిన్నగా ఉన్నప్పుడే దొరికిందని డాక్టర్ అన్నారట. ఆపరేషన్ జూలై తొమ్మిదిన. నన్ను తిట్టలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. ఫోన్ పెట్టాక చాలాసేపు బాత్రూమ్‌లో కూర్చున్నాను.

జూలై 9, మధ్యాహ్నం

ఆపరేషన్ బాగానే అయిందని యోహాన్ ఫోన్ చేశాడు. తెలివొచ్చి నీళ్లడిగిందట.

పొద్దున్న లోపలికి తీసుకెళ్లే ముందు రోజలినే ఫోన్ చేసింది. "మేడమ్, ఒక్క కార్డు తీయండి" అంది. పళ్లు టకటకమంటున్న చప్పుడు వినిపించింది. తీశానన్నాను. ఏటొచ్చిందని అడిగింది. సూర్యుడన్నాను, పేకలో అన్నిటికన్నా మంచి కార్డు.

పేక ముట్టుకోలేదు.