బ్యాంకు లైనులో అక్క

సోమవారం, సండూరు

మా సహకార బ్యాంకు నష్టాల్లో పడిందని, మా డిపాజిట్లు వెనక్కి తీసుకోకుండా ప్రభుత్వం కట్టడి పెట్టి మూడు నెలలైంది. ఈరోజు నుంచి వారానికి ఐదువేలు ఇస్తామన్నారు. పొద్దున్నే వెళ్తే లైనులో నా ముందు సరోజక్క! నాన్న పొలం పంచుకున్నప్పటి నుంచి ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. ఎండ ముదిరేదాకా అట్లాగే నిలబడ్డాం. చివరికి తనే టిఫిన్ డబ్బా తెరిచింది.

"ఏమే, ఏమన్నా తిన్యావా? ఇదో, మండక్కి ఉండాది."

ఆ కారం బొరుగులు నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది.

"ఎందుకే ఏడుస్తాండావు? కారమైందా?" అంది. తన కళ్లూ తడిగానే ఉన్నాయి. వచ్చే సోమవారం ముందే వచ్చి నాకు జాగా పట్టిపెడుతుందట.

మిగతా డబ్బు ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో...

ఇంటికి రాగానే ఆయన అడిగారు, "దుడ్డంతా ఇచ్చినారా?"

"లేదు. అక్క నాతో మాట్లాడిందప్పా!" అన్నాను.