సీసా వెనక అక్షరాలు

జిల్లా ఆసుపత్రి,
జూలై 19, మధ్యాహ్నం పన్నెండున్నర.

మేతకొండ మీద ఉన్న అమ్మకు నీ కూతురు అసిల్ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం ప్రాణాలతో ఉన్నాం. ‘క్షేమం’ అని రాద్దామని మూడుసార్లు కలం ఆనించి తీశాను. ఆ మాట ఇవాళ నా చేత కాలేదు. అందుకే దానికంటే చిన్నదైనా నిజమైన మాట రాశాను. నువ్విది చదువుతుండగా కాదీర్‌కుల్ పెదనాన్న ఇద్దరు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని గుడారం ముందు గుర్రం దిగితే భయపడకు. నాన్న పోయినప్పుడు ముగ్గురు పెద్దలు వచ్చి, ఎగిరిపోయిన డేగ గురించి చెబుతూ చెబుతూ ఆ కబురు చెప్పారని నువ్వే అన్నావు. ఈసారి ఏ డేగా ఎగిరిపోలేదు. అన్నయ్య బతికే ఉన్నాడు. నాకు పది అడుగుల దూరంలో మంచం మీద ఉన్నాడు. చేతికి సెలైన్ ఎక్కుతోంది.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తాను. ఉన్ని తివాచీకి ఎర్ర అంచు కుట్టడం అయింది, నల్లది మిగిలింది. పిండి సరిపోతోంది. కుంటి గొర్రెపిల్ల ఇప్పుడు నాలుగు కాళ్ల మీదా నడుస్తోంది, కాకపోతే నా వెనకే నడుస్తోంది.

“రక్తానికి కరెంటు పెట్టడమేమిటే, మీ మాస్టారికి వేరే పని లేదా” అని అడిగావు. మా తరగతి ప్రయోగానికి వాడే ఆ రక్తం మా వేలి చివర్లదే. ఉప్పునీళ్లలో కలిపితే ఎర్రగా, మజ్జిగలా మసకగా ఉంటుంది. గొట్టం వెనక పుస్తకం పెడితే ఒక్క అక్షరం కనబడదు. ఎందుకంటే లోపల లక్షల ఎర్ర కణాలు అడ్డంగా ఉంటాయి. ఒక్కొక్కటీ మధ్యలో నొక్కిన పిండి బిళ్లలా ఉంటుంది. కొద్దిపాటి కరెంటుకు అవి పక్కకు జరుగుతాయి, అంతే. పెంచితే బిళ్ల ఉబ్బి బంతి అవుతుంది. ఇంకా పెంచితే చర్మానికి కంటికి కనపడని చిల్లులు పడి, లోపలి ఎరుపంతా నీళ్లలోకి కారిపోతుంది. మిగిలిన ఖాళీ తోళ్లను మా మాస్టారు నీడలంటారు. అప్పుడు గొట్టంలో నీళ్లు ఎర్రగానే ఉంటాయి కానీ తేటపడతాయి. వెనక ఉన్న పుస్తకం హాయిగా చదువుకోవచ్చు. “అక్షరం కనబడిందంటే కణం చచ్చిందని రాసుకోండి” అంటారాయన. నేను ఆ వాక్యాన్ని నోటుపుస్తకం అట్ట మీద అందంగా రాసుకున్నాను. వాక్యం బాగుందని రాసుకున్నానమ్మా, అంతకుమించి దాని గురించి ఆలోచించలేదు.

ఇక నిన్నటి సంగతి. పొద్దున పదింటికి అన్నయ్య ఉన్ని కత్తిరించే పాక దగ్గర కరెంటు స్తంభం ఎక్కాడు. లైను ఆపేశామని కిందనుంచి ఎవరో అన్నారు. ఆపలేదు. కుడి అరచేతిలోకి దూరిన కరెంటు ఎడమ మడమలోంచి పోయింది. కింద ఉన్ని కుప్ప ఉండబట్టి ఎముకలు విరగలేదు. లేచి కూర్చుని, “ఎవడ్రా స్విచ్చి కట్టేసింది? వాడి పెళ్లికి నేను రాను” అన్నాడు. అందరూ నవ్వారు. అరచేతిలో నాణెమంత నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు.

పెదనాన్న నవ్వలేదు. “గుంట తవ్వండి. కరెంటు మట్టిలోకి పోతుంది, ఒంట్లో ఉంచితే గుండెను పట్టుకుంటుంది” అన్నాడు.

“పిడుగు పడ్డ మీ గుర్రాన్నీ ఇలాగే పూడ్చావు కదా పెదనాన్నా, బతికిందా?” అన్నాడు అన్నయ్య.

“చచ్చింది. ఆలస్యంగా పూడ్చాం కాబట్టి.”

మెడదాకా మట్టి కప్పారు. పిన్నమ్మలు పులిసిన గుర్రప్పాల కుమిస్ నోటికి అందించారు. “బంగాళాదుంపలా పాతారు, మొలకొస్తే నీళ్లు పోయండి” అని వాడు అందరినీ ఆటపట్టిస్తూనే ఉన్నాడు. మూడు గంటలు. తర్వాత మాటలు తగ్గాయి. తొడలు రాళ్లలా గట్టిపడ్డాయన్నాడు. తవ్వి తీశాక పాక వెనక్కి వెళ్లి, తిరిగొచ్చి నా చెవిలో, “ఒసేయ్ డాక్టరూ, నా ఒంట్లోంచి నల్ల టీ వస్తోందే” అన్నాడు.

తోక్తోసున్ పాల లారీలో నలభై కిలోమీటర్లు. డాక్టరమ్మ వాడి మూత్రం పట్టిన మొదటి సీసా చూసి కుర్చీలోంచి లేచింది. “పగిలిన కణాల ఎరుపూ, ఉడికిన కండ ఎరుపూ కలిసి మూత్రపిండాల జల్లెడకు అడ్డం పడుతున్నాయి. నీళ్లు ఎక్కించి కడగాలి. రేపు సాయంత్రానికి తేటపడితే మనవాడు. లేకపోతే రక్తం శుభ్రం చేసే యంత్రం రాజధానిలో ఉంది, అంతదూరం తట్టుకోవాలి” అంది. ఆ రేపు ఇవాళే.

గంటకొక సీసా. నేను కాగితం అతికించి, గంట రాసి కిటికీలో వరుసగా పెడుతున్నాను. మధ్యలో రెండు గంటలు సీసా రాలేదు. అప్పుడు నేనెలా ఉన్నానో రాయను.

పెదనాన్న పొద్దున వచ్చి చూసి వెళ్లాడు. ఉత్తరం రాస్తానంటే, “ఇలాంటి కబురు కాగితం మీద పోకూడదు. పెద్దలతో నేనే వెళ్లి మెల్లగా చెబుతాను. నువ్వు నోరు మూసుకుని వాడి దగ్గర కూర్చో” అన్నాడు. కనుమ దారిన గుర్రాల మీద వస్తే లారీ కంటే ముందే చేరతారేమో. ఒకటిన్నరకు బయలుదేరే తోక్తోసున్‌ను దారిలో టీకి కూడా ఆగొద్దని బతిమాలాను.

ఇంకొకటుంది. పైన రాసిందంతా దాన్ని దాచడానికే రాశానేమో.

గుంట తవ్వుతున్నప్పుడు తోక్తోసున్ లారీ పాక ముందే ఆగి ఉంది. అన్నయ్య నవ్వుతూనే నావైపు తిరిగి, “మా ఇంటి డాక్టరు ఏమంటుందో? ఆసుపత్రికా, గుంటలోకా?” అని అడిగాడు. అందరూ చూస్తున్నారు. నాకు గొట్టం గుర్తొచ్చింది, తేటపడిన ఎర్రనీళ్లు గుర్తొచ్చాయి. మాస్టారి వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. పెదనాన్న నా చేతికి పార ఇచ్చాడు. నేను, “పెదనాన్న చెప్పినట్టే చెయ్యి అన్నయ్యా” అన్నాను. నా మాట మీదే వాడు గుంటలోకి దిగాడు. మొదటి పార మట్టి నేనే వేశాను.

ఆ మూడు గంటలే ఖరీదైనవని డాక్టరమ్మ చెప్పింది. వెంటనే ఆసుపత్రికి రాకుండా ఎవరు ఆపారని అడిగితే “నేను” అన్నాను. అన్నయ్య విని, “దాని మాట నమ్మకండి, బద్ధకంగా ఉండి నేనే పడుకున్నా” అన్నాడు.

ఒంటిగంట సీసా ఇప్పుడే వచ్చింది. పొద్దుటినుంచీ నీ ఉత్తరాన్ని సీసాల వెనక పెట్టి చూస్తున్నాను. పదకొండింటి సీసాలో సిరా మరక కూడా కనబడలేదు. పన్నెండింటి దానిలో గీతలున్నాయని తెలిసింది, అంతే. మా గొట్టంలో అక్షరం కనబడితే చావు. ఇక్కడ కనబడితే బతుకు. ఇప్పుడు ఈ సీసాలోంచి, పచ్చగా, వంకరగా, నీ చేతిరాత ఒక వరుస చదవగలిగాను. డాక్టరమ్మ వెలుగుకు పట్టి చూసి, “ఇంకా రెండు చూద్దాం” అంది. కానీ సీసాను బల్ల మీద మెల్లగా పెట్టింది. నిన్న పెట్టినట్టు కాదు.

నేను చదివిన వరుస నీ ఉత్తరం చివరిది: ‘పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు తల్లీ.’

తోక్తోసున్ హారన్ కొడుతున్నాడు. పెదనాన్న కాగితం వద్దన్నాడు, నేను పంపుతున్నాను. గొర్రెలను పక్క గుడారానికి అప్పగించి అదే లారీలో దిగిరా. మిగతా రెండు సీసాలు కిటికీలో ఉంచుతాను, నీ చేత్తో వెలుగుకు పట్టు.

ఇట్లు,
నీ మాట ఒక రోజు ఆలస్యంగా దాటిన కూతురు,
అసిల్